మేడమ్ దగ్గర నుంచి నేను తెచ్చుకున్నవాళ్ళు

మొన్న మంగళవారం పొద్దున పదకొండింటికి మా మేడమ్ పోయారని ఫోనొచ్చింది. చేసింది ఆవిడ భర్త. "అమ్మా, మీ మేడమ్ పోయిందమ్మా. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు" అన్నారు. నా ఎడమచేతిలో రంగు గిన్నె, కుడిచేతిలో బ్రష్షు ఉన్నాయి. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను. కుర్చీలో ఉన్నావిడ తలకు అప్పటికి సగమే రంగు పడింది.

ఆ కుర్చీలో ఉన్నావిడ ఒక కాలేజీలో లెక్చరర్. చిక్కడపల్లిలో ఉంటారు. ఇప్పుడు నా కస్టమర్ గానీ, అంతకుముందు ఇరవై రెండేళ్ళు మా మేడమ్ దగ్గరే కటింగ్ చేయించుకున్నారు. అద్దంలో నా మొహం చూసి "ఏమైంది?" అన్నారు. చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. "అయ్యో. చాలా మంచామె" అన్నారు. తర్వాత ఆవిడే కళ్ళు తెరిచి, నుదుటి మీదికి జారిన రంగును టిష్యూతో అద్దుకుంటూ, "మిగిలింది జర తొందరగ వెయ్యవా? లేకుంటే రెండు రంగులు కనిపిస్తయేమో" అన్నారు.

వేశాను. ముప్పై అయిదు నిమిషాలు ఉంచాను. తల కడిగాను, ఆరబెట్టాను, పాపిడి తీశాను. ఆ తర్వాత నారాయణగూడలో నా షాపు షట్టరు దించి, అశోక్‌నగర్‌కు బయలుదేరాను.

ఆవిణ్ణి తప్పుపట్టడానికి ఈ మాట రాయటం లేదు. ఆవిడ చేసిన దానికంటే నేను చేసింది పెద్దది. మా మేడమ్ గురించి రాయమని ఎవరూ నన్ను అడగలేదు. కానీ ఆవిడ చేతికింద కూర్చుని లేచిన ఆడవాళ్ళు ఈ చుట్టుపక్కల వందల్లో ఉన్నారు. ఆవిడ ఎలాంటి మనిషో, చివరికి ఏం జరిగిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేను చెప్పకపోతే ఇక చెప్పేవాళ్ళు లేరు.

మేడమ్ వాళ్ళది తెనాలి దగ్గర ఊరు. పెళ్ళయి ఇక్కడికొచ్చారు. భర్తది ప్రభుత్వాఫీసులో గుమస్తా ఉద్యోగం. పిల్లలు కలగలేదు. అశోక్‌నగర్‌లో ఇంటి ముందుగదిలో ఒక కుర్చీ, ఒక అద్దంతో పార్లర్ మొదలుపెట్టారట. నేను చేరేనాటికి కుర్చీలు మూడయ్యాయి. బయట బోర్డు మీద ఏదో పూల పేరు ఉండేది గానీ ఆ పేరు ఎవరూ వాడగా నేను వినలేదు. పెద్దవాళ్ళు "ఆవిడ దగ్గరికి" అనేవాళ్ళు. హాస్టల్ పిల్లలు "ఆంటీ దగ్గరికి" అనేవాళ్ళు. ఇల్లు మారి కూకట్‌పల్లి వెళ్ళిపోయినవాళ్ళు కూడా రెండు బస్సులెక్కి వచ్చేవాళ్ళు.

నేను జనగామ దగ్గరి పల్లె నుంచి గ్రూప్స్ రాయటానికి వచ్చాను. అశోక్‌నగర్ హాస్టల్లో ఒక్కో గదికి అయిదుగురం. నాలుగేళ్ళు చదివాను. ఆఖరిసారి ఫలితాలు వచ్చిన రోజు ఫోనులో ఆ జాబితా ఎన్నిసార్లు కిందికీ పైకీ జరిపినా నా నంబరు కనబడలేదు. అప్పుడు నాకు నడుం దాకా జడ ఉండేది. నేరుగా మేడమ్ దగ్గరికెళ్ళి కూర్చుని, "మొత్తం తీసెయ్యండి, చెవుల దాక" అన్నాను.

ఆవిడ దువ్వెన కూడా అందుకోలేదు.

"రిజల్టు వచ్చిందా?"

"మీకెట్ల తెలుసు?"

"పొద్దుట్నుంచి నువ్వు నాలుగోదానివి. రిజల్టు వచ్చిన రోజు నేను కత్తెర పట్టను. నాలుగు రోజులాగి రా. అప్పుడూ తియ్యమంటే తీస్తా."

నాకు మండిపోయింది. "నా జుట్టు, నా పైసలు. మీకేంది బాధ?" అన్నాను.

"రేపు అద్దంలో చూసుకుని నన్ను తిట్టుకుంటావు. ఇక ఈ గడప తొక్కవు. నాకు నువ్వు మళ్ళీ రావాలి" అన్నారు ఆవిడ. అని, వెనకున్న మనిషిని పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టారు.

చాలా ఏళ్ళు నేనా మాటను దయ అనుకున్నాను. వ్యాపారం అని తర్వాత తెలిసింది. ఆవిడ దగ్గర ఆ రెంటికీ మధ్య గీత ఉండేది కాదని ఇంకా తర్వాత తెలిసింది.

నాలుగు రోజుల తర్వాత వెళ్ళాను. జుట్టు సంగతి ఎత్తలేదు. "ఈడ పనేమన్న ఉంటదా మేడమ్?" అని అడిగాను. ఆవిడ నా చేతులు తిప్పి చూశారు. "గోళ్ళు తీసుకుని రా" అన్నారు.

మొదటి మూడు నెలలు కత్తెర ముట్టనివ్వలేదు. ఊడవటం, తువ్వాళ్ళు ఉతకటం, తలలు కడగటం. తల కడగటం కూడా వచ్చిన పనే అనుకున్నాను. రాదని తేలింది. "వేళ్ళు చూసుకోకు, మెడ చూడు" అనేవారు. "మనిషి నిన్ను నమ్మిందంటే మెడ వదిలేస్తుంది. తల బరువంతా నీ అరచేతిలో పడుతుంది. మెడ బిగబట్టుకుని ఉందంటే, నువ్వెంత బాగా కడిగినా ఆ మనిషి రెండోసారి రాదు." ఇవాళ్టికీ నేను మనుషులను మెడ దగ్గరే గుర్తుపడతాను.

మొదటిసారి వచ్చినవాళ్ళకు, వాళ్ళు అడిగిన దాంట్లో సగమే తీసేవారు ఆవిడ. "మిగతాది వచ్చేసారి చూద్దాం" అనేవారు. ఒకరి ఇంటి సంగతి ఇంకొకరి దగ్గర పొరపాటున కూడా ఎత్తేవారు కాదు. "క్రితంసారి ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచి మొదలుపెట్టు" అనేవారు. ఆర్నెల్ల కింద అత్తగారి కంటి ఆపరేషన్ గురించి చెబుతూ లేచి వెళ్ళిన మనిషి మళ్ళీ వచ్చి కూర్చోగానే, "ఇప్పుడు ఆవిడకు పేపరు కనిపిస్తోందా?" అని అడిగేవారు. ఆ మనిషి మొహం అద్దంలో ఎలా విచ్చుకునేదో నేను పక్కన నిలబడి చూసేదాన్ని. రేటు మాత్రం ఎవరికీ తగ్గించేవారు కాదు. "తక్కువని వచ్చినవాళ్ళు ఇంకా తక్కువుంటే అక్కడికి పోతారు" అనేవారు. మధ్యలో వేరేచోటికి వెళ్ళి, జుట్టు పాడుచేసుకుని తిరిగొచ్చినవాళ్ళను ఎక్కడికెళ్ళావని అడగనిచ్చేవారు కాదు. "జుట్టు చూస్తే నీకు తెలుస్తుందిగా. ఆవిణ్ణెందుకు అడగటం, సిగ్గుపడితే మళ్ళీ రాదు."

ఇంకొక అలవాటు చెప్పాలి. జబ్బుచేసో, కాన్పు తర్వాతో జుట్టు రాలిపోతున్నవాళ్ళు వస్తే, ఆవిడ నాకు కళ్ళతో సైగ చేసేవారు. వాళ్ళు కుర్చీలోంచి లేచేలోపు కింద ఒక్క వెంట్రుక కనబడకూడదు. నేను ఆలస్యం చేస్తే ఆవిడే వంగి, చేత్తో పోగుచేసి, కొంగులో పట్టుకుని లోపలికి వెళ్ళేవారు.

మంచిమనిషి అని మాత్రం అనుకోకండి. నోరు చాలా చెడ్డది. దువ్వెన అంచుతో నా వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. కస్టమర్ల ముందు "గ్రూప్సు రాసిన చెయ్యి ఇది, ఆలోచించి ఆలోచించి కదులుతుంది" అని నవ్వించేవారు. ఆ నవ్వుల్లో లెక్చరర్ గారి నవ్వూ ఉండేది. బాత్రూంలో నీళ్ళు తిప్పుకుని ఏడ్చిన రోజులున్నాయి. అయినా మానలేదు. ఎనిమిదేళ్ళు ఉన్నాను. ఇవాళ నేను తింటున్న ప్రతి ముద్దా ఆవిడ నేర్పిందే.

వణుకు మొదట కుడిచేతి బొటనవేలికి వచ్చింది. ఆవిడ మోచెయ్యి ఒంటికి నొక్కిపట్టి కత్తిరించేవారు. టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవారు. పొద్దుటి మాత్ర పనిచేసే రెండు మూడు గంటల్లోనే పాతవాళ్ళందరికీ టైం ఇచ్చేవారు. నాకు కనబడుతూనే ఉంది. అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఒకరోజు లెక్చరర్ గారి చెవి పక్కన జుట్టు సరిచేస్తుండగా కత్తెర మొన చెవి అంచుకు దిగింది. చిన్నదే. కానీ మెడకు కట్టిన తెల్లగుడ్డ మీద రక్తం చుక్కలుగా పడింది. మేడమ్ దూది తెచ్చి అదిమారు. అదుముతున్న చెయ్యి కూడా వణుకుతుంటే దూది చెవి మీద నిలవలేదు. నేను వెళ్ళి పట్టుకున్నాను.

"ఏం కాదండి, ఏం కాదు. గోరు గీరినంత" అని నవ్వారు లెక్చరర్ గారు. ఆ నవ్వు చాలా మర్యాదగా ఉంది. తర్వాత నేను ఆవిడ తల కడుగుతుంటే మెడ కట్టెలా బిగుసుకుని ఉంది.

నెలన్నర తర్వాత మళ్ళీ వచ్చి, కూర్చోకుండానే, "ఇయ్యాల పిల్లతోని చేయించుకుంట. మీరు జర రెస్ట్ తీసుకోండి" అన్నారు.

"అలాగే" అన్నారు మేడమ్.

అంతే జరిగింది. ఎవరూ ఆవిణ్ణి ఒక్క మాట అనలేదు. గొడవ పడి ఉంటే ఆవిడ తిరిగి రెండనేవారు, తేలిపోయేది. అందరూ ఎంతో ప్రేమగా "మీరు రెస్ట్ తీసుకోండి" అంటూ ఒక్కొక్కరే నా కుర్చీ వైపు వచ్చారు. బ్యాంకులో పనిచేసేవాళ్ళు వచ్చారు, ముషీరాబాద్ నుంచి వచ్చే టీచర్లు వచ్చారు. హాస్టల్ పిల్లలైతే ఆ ప్రేమ కూడా చూపించేవాళ్ళు కాదు. "ఆంటీ వద్దు, నాకు భయమైతది" అని ఆవిడ వినేట్టే అనేవాళ్ళు. ఆవిడ తన కుర్చీ పక్కన స్టూలు మీద కూర్చుని, ఎవరూ కూర్చోని ఆ కుర్చీని రోజుకు మూడుసార్లు తుడిచేవారు.

ఇక నేను చేసింది.

కస్టమర్లు నా ఫోనుకే చెయ్యటం మొదలుపెట్టారు. "ఆమె లేనప్పుడు రావచ్చా? ఆమె ముంగట బాగనిపిస్తలేదు" అనేవాళ్ళు. మేడమ్ గురువారాలు దోమలగూడలో వ్యాయామం చేయించే డాక్టర్ దగ్గరికి వెళ్ళేవారు. నేను అందరికీ గురువారం టైం ఇవ్వటం మొదలుపెట్టాను. మిగతా రోజులు పార్లర్ బోసిపోయేది. గురువారం పదిన్నర నుంచి ఒంటిగంట దాకా కుర్చీ ఖాళీ ఉండేది కాదు. ఆవిడ వచ్చేసరికి అంతా ఊడ్చి, గుడ్డలు మడిచి, ఏమీ ఎరగనట్టు కూర్చునేదాన్ని. అలా అయిదు నెలలు నడిచింది.

ఒక గురువారం ఆ డాక్టర్ రాలేదట. మేడమ్ పదకొండున్నరకే తిరిగొచ్చారు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ తలెత్తి చూశారు. మూడు కుర్చీల్లో ముగ్గురు, గోడ పక్కన బల్ల మీద ఇంకో నలుగురు. అందరూ ఆవిడవాళ్ళే. పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఆవిడ చేతికింద తలవంచి కూర్చున్నవాళ్ళు. ఆ ఏడుగురూ ఒక్కసారే కిందికి చూశారు. లెక్చరర్ గారు ఫోను తీసి ఎవరికీ చెయ్యకుండా చెవి దగ్గర పెట్టుకున్నారు.

"కూర్చోండి, కూర్చోండి" అన్నారు మేడమ్. నిజానికి ఒక్కరు కూడా లేవలేదు.

ఆవిడ చేతిలోని మాత్రల కవరు కిటికీలో పెట్టి, మూలనున్న చీపురు తీసుకుని, నా కాళ్ళ చుట్టూ పడ్డ జుట్టు ఊడవటం మొదలుపెట్టారు. చీపురు వణుకుతోంది. పోగుచేసిన జుట్టు మళ్ళీ చెదిరిపోతోంది. ఆవిడ మళ్ళీ పోగుచేస్తున్నారు. ఆ గదిలో ఎవరూ "వద్దండి" అనలేదు. నేను కూడా అనలేదు. కత్తిరిస్తూనే ఉన్నాను.

ఆ వారమే లెక్చరర్ గారు నాతో అన్నారు: "నువ్వు యాడ పెట్టినా మేమొస్తం. అందరం అనుకున్నం. ఆమె మంచిదే, కానీ మేమెన్నాళ్ళని ఇట్ల దొంగల లెక్క రావాలె?" నారాయణగూడలో ఒక స్టేషనరీ దుకాణం పైన గది కిరాయికి దొరికింది. మాట్లాడుకుని వచ్చి, మేడమ్‌కు చెప్పాను.

"ఎంతమంది వస్తామన్నారు?" అని అడిగారు.

"కొంతమంది మేడమ్."

"అబద్ధం చెప్పకు."

"అందరన్నరు."

ఆవిడ చాలాసేపు తన చేతిని చూసుకున్నారు. "వాళ్ళు నావాళ్ళు కారు, నీవాళ్ళూ కారు. ఎవరి తల వాళ్ళది. రేపు నీ చెయ్యి ఆడకపోతే నీ దగ్గర్నుంచీ పోతారు. ఆ రోజు నన్ను తలుచుకో" అన్నారు. నేను కాళ్ళకు దణ్ణం పెట్టబోతే కాళ్ళు వెనక్కి లాక్కున్నారు. "రేపట్నుంచి రాకు. తాళంచెవి ఇచ్చి వెళ్ళు."

ఆ శాపం నాకిప్పటికీ వినిపిస్తుంది. దాన్ని శాపం అనటం కూడా న్యాయం కాదేమో. ఉన్నమాటే అన్నారు.

నేను షాపు తెరిచిన పదో రోజున ఆవిడ నుంచి ఫోనొచ్చింది. హలో లేదు, ఎలా ఉన్నావని లేదు. "లెక్చరర్ గారికి మామూలు రంగు వెయ్యకు. రెండోరోజుకు నుదుటి మీద దద్దుర్లు వస్తాయి. ఆవిడ మొహమాటానికి చెప్పదు, మానేస్తుంది" అన్నారు. పెట్టేశారు.

నేను బిత్తరపోయాను. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చింది. "బ్యాంకులో క్యాషియర్‌కి ఎడమ చెవి వెనక కాలిన మచ్చ ఉంది. అక్కడ పొడుగ్గా వదులు. అద్దం వెనక్కి పెట్టి చూపించకు." పెట్టేశారు. ఇంకో వారానికి: "ముషీరాబాద్ టీచర్ కొడుకు పోయి మూడేళ్ళయింది. పిల్లలెంతమంది అని అడిగేవు, జాగ్రత్త." ఒక్కో ఫోనుకు ఒక్కో మనిషి, ఒక్కటే వాక్యం, మహా అయితే రెండు. నేను "మేడమ్, మీరెట్లున్నరు?" అనేలోపు ఫోను ఆగిపోయేది. ఇలా ఏడాది దాటి సాగింది.

నేను వాడుకున్నాను. ఆ రంగు తెప్పించాను, ఆ మచ్చ కప్పాను, ఆ ప్రశ్న అడగలేదు. "నీకెట్ల తెలుస్తది ఇవన్ని? ఆమె కన్నా నువ్వే నయం" అని కస్టమర్లు నన్ను మెచ్చుకున్నారు. ఎవరు చెప్పారో నేనొక్కసారి కూడా చెప్పలేదు.

ఒకనాడు ఫోను చేసి, "ఇంకెవరూ లేరు. అయిపోయింది" అన్నారు. అదే ఆఖరి ఫోను.

పోయిన ఏడాది ఒక ఆదివారం మేడమ్ నా షాపుకు వచ్చారు. మెట్లెక్కించి, భర్త కిందికి వెళ్ళిపోయారు. ఆవిడ బాగా తగ్గిపోయి ఉన్నారు. జుట్టు మాత్రం నెరిసినా వీపు దాకా ఉంది.

"తీసెయ్యి. మెడ దాకా. నా చెయ్యి లేవట్లేదు, ఆయనకు జడ వెయ్యటం రావట్లేదు" అన్నారు.

ఆదివారం. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి, టైం తీసుకున్నవాళ్ళు ఇంకా ముగ్గురున్నారు. నేను ఒక్క మాట అంటే ఎవరో ఒకరు లేచేవాళ్ళు. అనలేకపోయాను. "అర్ధగంట కూసుంటరా మేడమ్?" అన్నాను.

"నేను టైం తీసుకోలేదుగా. కూర్చుంటా" అన్నారు. ఆ నియమమూ ఆవిడదే.

ముందు కుర్చీలో లెక్చరర్ గారున్నారు. మేడమే పలకరించారు. "బాగున్నారా?" "బాగున్న. మీరు మంచిగ కనిపిస్తున్నరు" అని లెక్చరర్ గారు ఫోనులోకి తలదించుకున్నారు. సోఫాలో మేడమ్ పక్కన ఎవరో కొత్త అమ్మాయి కూర్చుని ఉంది. మేడమ్ చెయ్యి వణికితే సోఫా కూడా కదులుతోంది. ఆ అమ్మాయి రెండుసార్లు పక్కకు చూసి, లేచి గోడకు ఆనుకుని నిలబడింది. మేడమ్ చేతిని తొడ కింద పెట్టుకుని, దాని మీద కూర్చున్నారు.

అర్ధగంట గంటంపావు అయింది. మధ్యమధ్య అద్దంలో చూస్తే ఆవిడ నా చేతులనే చూస్తున్నారు. ఒకసారి చూసేసరికి సోఫా ఖాళీగా ఉంది.

"ఆంటీ వెళ్ళిపోయిన్రు. మీరు పనిల ఉన్నరు, పిలవద్దన్నరు" అంది గోడ దగ్గరి అమ్మాయి.

మెట్లు పద్నాలుగు. ఆవిడ దిగటానికి చాలాసేపు పట్టి ఉంటుంది. నేను పరుగెత్తితే అందేవారు. పరుగెత్తలేదు. సాయంత్రం ఫోను చేస్తే ఆవిడ భర్త ఎత్తారు. దారిలో చిక్కడపల్లిలో మగవాళ్ళ సెలూన్ కనబడితే అక్కడ ఆగారట. "ఆ అబ్బాయి, ఆడవాళ్ళకు తియ్యటం రాదండీ, మిషన్ పెట్టటమే వచ్చు అన్నాడమ్మా. ఈవిడేమో, పర్లేదు కొట్టెయ్ అంది" అన్నారు ఆయన. ఆ తర్వాత నెలకోసారి అక్కడికే తీసుకెళ్ళేవారట. నేను వెళ్ళి చూడలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఎనిమిది నెలలు గడిపాను. అశోక్‌నగర్ నా షాపుకు నడిచి వెళ్ళేంత దూరం.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆవిణ్ణి ముందుగదిలోనే పడుకోబెట్టారు. కుర్చీలు ఎప్పుడో అమ్మేశారు. అద్దాలు మాత్రం గోడకే ఉన్నాయి, వాటి మీద దుప్పట్లు కప్పారు. నలుగురైదుగురు బంధువులు ఉన్నారు. కస్టమర్లు ఎవరూ రాలేదు. నేను నా షాపు వాట్సాప్ గ్రూపులో పెట్టిన కబురు కింద దండం బొమ్మలు, ఓం శాంతులు వరసగా పడ్డాయి. వాటి మధ్యలో ఎవరో "ఆదివారం షాపు ఉంటదా?" అని అడిగారు.

మేడమ్ భర్త నన్ను చూసి పక్కన కూర్చోమన్నారు. చాలాసేపటికి, "నీకు ఫోన్లు చేసేది కదమ్మా" అన్నారు.

"అవును సార్."

"దాని గొంతు కూడా పోయింది. వణికేది, మాట ముద్దయ్యేది. నీకు ఫోను చెయ్యాలంటే మాత్ర వేసుకుని ముప్పావుగంట కూర్చునేది. అది పనిచేస్తున్నప్పుడు గబగబా చెప్పేసి పెట్టేసేది. ముందురోజంతా ఆ ఒక్క వాక్యమే నా దగ్గర అప్పజెప్పుకునేది. నీకు గొంతు వణుకుతున్నట్టు తెలియకూడదంది."

నేను లేచి బయటికెళ్ళి వచ్చాను.

స్నానం చేయించి, పసుపు రాసి, బొట్టు పెట్టారు. రాంనగర్ నుంచి వచ్చిన ఆడపడుచు మల్లెపూల దండ పట్టుకుని తల దగ్గర కూర్చుని ఉన్నారు. పెట్టటానికి జుట్టు లేదు. అరంగుళం కూడా లేదు. చెవి వెనక మిషన్ పళ్ళ గీత ఒకటి, ఎండి ఉంది. "సుమంగళిగా పోతోంది. పూలు లేకుండా ఎలా పంపుతాం?" అని ఆవిడ ఏడుస్తున్నారు. నన్ను చూసి, "నువ్వు ఆ పనిలోదానివే కదమ్మా. నీకు తెలుస్తుంది, పెట్టు" అన్నారు.

పెళ్ళికూతుళ్ళకు ఎన్నో జడలు వేశాను. స్లైడులు పెట్టి చూశాను, జారిపోయాయి. చిన్న పిన్నులు పెట్టాను, అవీ నిలవలేదు. చివరికి తెల్లదారం అడిగి తీసుకుని, దండను తల చుట్టూ తిప్పి, చెవుల వెనకనుంచి తెచ్చి ముడివేశాను. ఎక్కువ బిగించలేకపోయాను. గట్టిగా కడితే నొప్పి పుడుతుందేమో అన్నట్టు వదులుగా వేశాను.

మూడింటికి పాడె ఎత్తారు. గుమ్మం ఇరుకు, ఒక పక్కకు వంచి బయటికి తెచ్చారు. దారం జారింది. పూలన్నీ కుడికన్ను మీదికి, చెంప మీదికి వచ్చి పడ్డాయి. మోసేవాళ్ళ చేతులు ఖాళీ లేవు. నేను గేటు దాకా వెళ్ళి ఆగిపోయాను. సందులో టిఫిన్ బండి దగ్గర ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ హాస్టల్ పిల్లలు తినటం ఆపి గోడవైపుకు జరిగి దారి ఇచ్చారు. బోడితల మీద నుంచి జారిన ఆ దండతో, ఒక కన్ను మూసుకుపోయి, ఆవిడ వాళ్ళ మధ్య నుంచి వెళ్ళిపోయారు. మలుపు తిరిగేదాకా ఒక్కొక్క పువ్వూ రోడ్డు మీద పడుతూనే ఉంది.